ఉప్పు తెస్తానని వెళ్ళిన మైకేజా

కెంటకీ కొండల్లో బ్రాంట్లీ కౌంటీకి తూర్పున ఉన్న వాగుని స్టాలర్డ్ వాగు అంటారు. వాగుకి మా ఇంటిపేరు వచ్చిందా, మాకు వాగు పేరు వచ్చిందా అని ఎవరికీ అనుమానం రాకుండా మా డెల్ఫియా అత్త ఎనభై ఒక్క ఏళ్ళుగా కాపలా కాస్తోంది. మా వంశానికి మూలపురుషుడు మైకేజా స్టాలర్డ్. వర్జీనియా నుంచి కొండలు దాటి, పెళ్ళాన్నీ ఇద్దరు పసిపిల్లలనూ వెంటబెట్టుకొచ్చి, మనిషి అడుగు పెట్టని చోట మొదటి గుడిసె వేశాడట. ఇంగ్లీషువాళ్ళ మీద స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడాడట. మీదపడిన ఎలుగుబంటిని ఒంటి చేత్తో, ఒక్క కత్తితో చంపాడట. గుడిసెలో దాక్కుని ఏడుస్తున్న పెళ్ళాన్ని ఓదార్చి, ఆ రాత్రే దాని మాంసం వండించాడట.

"మనిషి అడుగు పెట్టని చోటంటున్నావు, మరి అప్పటికే ఇక్కడ వేటాడుకునే షానీ తెగవాళ్ళు గాల్లో ఎగిరేవాళ్ళా?" అని చిన్నప్పుడు అడిగితే అత్త నా చెవి మెలిపెట్టింది. చరిత్ర గురించి నేనడిగిన మొదటి ప్రశ్న అది. తర్వాత నలభై ఏళ్ళపాటు రెండోది అడగలేదు.

1988 వేసవిలో అత్తకి కొత్త పూనకం వచ్చింది. ఏటా ఆగస్టు మూడో ఆదివారం మా వంశం వాళ్ళందరం చర్చి వెనక చెట్లకింద కలుస్తాం. ఆసారి ఆ రోజుకల్లా వాగు మొదట్లో, రోడ్డు పక్కన, మైకేజా పేరుతో ఇనప పలక ఒకటి నిలబెట్టించాలని ఆవిడ పట్టు. అలాంటి పలకలు పెట్టేది కౌంటీ చరిత్ర సంఘం. సంఘమంటే ముగ్గురు మనుషులు, వాళ్ళకి అధ్యక్షుడు పళ్ళ డాక్టరు గార్లాండ్ టిబ్స్. అత్త ఎలుగు కథ మొత్తం అభినయించి చెప్పాక ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "చాలా బాగుందమ్మా. కాగితమేదైనా ఉందా?" అన్నాడట.

"నా మాట చాలదా?" అంది అత్త.

"మీ మాటని ఇనుములో పోతపొయ్యలేం కదమ్మా."

అత్త తిన్నగా మా ఇంటికొచ్చింది. నేను బళ్ళో వంటమనిషిని. ముప్ఫై ఏళ్ళుగా నాలుగొందలమంది పిల్లలకి చిక్కుడు గింజలు ఉడకేస్తున్నాను. వేసవిలో బడి ఉండదు కాబట్టి నాకు పనిలేదని అత్త నమ్మకం.

"ఒలీటా, ఖాళీగా కూచుంటే ఒళ్ళొస్తుంది. నువ్వెళ్ళి మైకేజా తాత కాగితాలు పట్రా."

"అత్తా, రెండొందల ఏళ్ళనాటి కాగితాలు నాకు ఎక్కడ దొరుకుతాయి?"

"చచ్చినోళ్ళు ఎక్కడికీ పోరు. వెతుకు."

మా అన్నయ్య బర్ల్‌కి ఈ పని నాకంటే ఎక్కువ కావాలి. వాడు జింక కొమ్ము పిడితో కత్తులు చేసి, 'మైకేజా కత్తి' అని పేరు పెట్టి, రోడ్డు పక్క సంతలో అమ్ముతాడు. కత్తితోపాటు ఎలుగు కథ అచ్చేసిన చిన్న చీటీ కూడా ఇస్తాడు. "పలక పడిందంటే ఇక నా కత్తుల్ని ఆపేవాడుండడే!" అని చేతులు రుద్దుకున్నాడు.

మొదట మా కౌంటీ కోర్టుకే వెళ్ళాను. నేలమాళిగలో, బూజు పట్టిన పాత తీర్పుల పుస్తకంలో, మధ్యాహ్నానికల్లా మైకేజా దొరికాడు. రెండొందల ఏళ్ళనాటి గుమాస్తా రాత, మా తాత పేరు! వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. 1790 మే నెలలో మైకేజా స్టాలర్డ్ ఒకే ఆవుని ఇద్దరికి అమ్మినందుకు కోర్టు ముందు బొండకొయ్యలో మెడా చేతులూ పెట్టి గంటసేపు నిలబడాలని తీర్పు. కింద ఇంకో వాక్యం: నిలబడినంతసేపూ జడ్జిని తిట్టినందుకు ఇంకో గంట.

సరే, కుర్రతనం అనుకున్నాను. అప్పటికి ఆయనకి ముప్ఫై ఏళ్ళు.

అత్తకి ఈ సంగతి చెప్పలేదు. "ఆయన ఇక్కడున్నట్టు రుజువు దొరికింది" అన్నాను. అందులో అబద్ధమేం లేదు, బొండకొయ్యలో ఉన్నవాడు ఎక్కడికి పోతాడు.

యుద్ధం సంగతి తేలాలంటే రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న పాత దస్తావేజుల భవనానికి వెళ్ళాలన్నారు. బర్ల్ ట్రక్కులో నాలుగు గంటలు ప్రయాణం చేసి వెళ్ళాను. అక్కడ పెవరిల్ అని ఒక సన్నటి పెద్దాయన, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, పాత కాగితాల ఫోటోలున్న ఫిల్ము చుట్టలు అందిస్తూ ఉంటాడు. నేను ఎలుగు కథ మొదలుపెట్టగానే చెయ్యెత్తి ఆపాడు.

"ఇక్కడికొచ్చే ప్రతివాళ్ళకీ తాత వీరుడే అయుండాలమ్మా. ఆ కాలంలో మిగతావాళ్ళెవరూ పిల్లల్ని కనలేదంటారా?"

"మా తాత ఒకే ఆవుని ఇద్దరికి అమ్మాడండీ" అన్నాను.

పెవరిల్ మొహం వెలిగిపోయింది. "అయితే మీకు సాయం చేస్తాను, రండి."

రెండో రోజున అసలు కాగితం దొరికింది. 1833లో, పాత యుద్ధంలో పనిచేసిన సైనికులకి పింఛను ఇస్తున్నారని తెలిసి, డెబ్బై మూడేళ్ళ మైకేజా మా కౌంటీ కోర్టుకెళ్ళి అర్జీ పెట్టుకున్నాడు. కింగ్స్ మౌంటెన్ యుద్ధంలో తను శత్రువుల తుపాకులకి ఎదురెళ్ళాననీ, ఒక అధికారిని భుజాన మోసుకొచ్చాననీ, ఆ అధికారి పేరు మాత్రం గుర్తులేదనీ రాయించాడు. చదువుతుంటే నా కళ్ళు చెమర్చాయి. పలక ఖాయం అనుకున్నాను. సాక్షులెవరైనా ఉన్నారా అని కోర్టు అడిగింది. ఉంది, జెరూషా అన్నాడు మైకేజా. ఆయన పెళ్ళాం. గుడిసెలో దాక్కుని ఏడ్చిన మనిషి.

ఆవిడ తనకోసం అబద్ధమాడుతుందని ఆ ముసలాయన ఎలా అనుకున్నాడో నాకిప్పటికీ అర్థం కాదు. గుమాస్తా ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. నేను దాన్ని అక్కడే కూచుని పెన్సిల్‌తో ఎత్తి రాసుకున్నాను.

"నా పేరు జెరూషా. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో తెలిసినవాళ్ళు చచ్చిపోయారు. ఈ మైకేజా నాకు మొగుడా అని అడుగుతున్నారు. ఒకప్పుడు. కింగ్స్ మౌంటెన్‌లో యుద్ధం చేశానని చెప్పాడా? ఆ వారమంతా ఈయన మా నాన్న కొట్టంలో బోర్లా పడుకున్నాడు. పిర్రల మీద సెగ్గడ్డలు. ఉల్లిపాయ కాల్చి కట్టింది నేనే. అప్పటికి మాకింకా పెళ్ళి కాలేదు, అందుకని మా అమ్మకి కూడా చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా.

"అసలు సైన్యానికే వెళ్ళలేదా అంటే, వెళ్ళాడు. బూట్లిస్తారంటే వెళ్ళాడు. ఇవ్వగానే వచ్చేశాడు. మరుసటేడు ఆ బూట్లు చిరిగితే మళ్ళీ వెళ్ళాడు.

"ఇక్కడికొచ్చాక రెండేళ్ళు బాగానే ఉన్నాం. తొంభై ఒకటిలో, ఆకులు రాలేటప్పుడు, పంది మాంసం నిలవబెట్టడానికి ఉప్పు లేదన్నాను. ఉప్పు కాచే చోటు మూడు రోజుల నడక. తెస్తానని వెళ్ళాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఇనప కాగు కూడా పట్టుకెళ్ళాడు. ఆ చలికాలం నా కొడుకు జ్వరంతో పోయాడు. నేల గడ్డకట్టి ఉంటే మంట వేసి, కరిగించి, నేనే గుంట తవ్వాను. ఈయన తొమ్మిదేళ్ళకి వచ్చాడు. గుమ్మంలో నిలబడి 'ఉప్పేది?' అన్నాను. 'దార్లో వానొచ్చింది' అన్నాడు.

"ఎలుగు సంగతా? అది తొంభై నాలుగు. ఈయన లేడు. మేం తేనెటీగల్ని తొర్ర మొద్దులో పెంచేవాళ్ళం. ఎలుగు అందులో తల దూర్చి ఇరుక్కుపోయింది. మొద్దుని తలకేసుకుని నా మొక్కజొన్న చేలో గిరగిరా తిరుగుతోంది. కంకులన్నీ తొక్కేస్తోంది. ఆ గింజలే చలికాలానికి మాకు తిండి. నాకు భయం వెయ్యలేదు, ఒళ్ళు మండింది. రోకలి తీసుకెళ్ళి కొట్టాను. మొద్దు పగిలింది, అయినా కొట్టాను. ఎలుగు చచ్చింది, అయినా కొట్టాను. ఎవరిని తలుచుకుని కొట్టానో దేవుడికి తెలుసు, మైకేజాకీ తెలుసు.

"ఆ మరుసటేడు లెమ్ క్రౌచ్ వచ్చాడు. నేతగాడు, కుంటికాలు, మగ్గం ముక్కలు గాడిద మీద వేసుకొచ్చాడు. వాన వెలిసేదాకా ఉంటానన్నాడు. వెలిసింది. తను వెళ్ళలేదు, నేను వెళ్ళమనలేదు. పాస్టరు మా వాగుకి రెండేళ్ళకోసారి వచ్చేవాడు. ఆయనొచ్చి పెళ్ళి చేసేసరికి మా అబ్సలోం నడుస్తున్నాడు. తర్వాత ఇంకో ముగ్గురు పుట్టారు. భూమి మైకేజా పేరున కొలిపించి ఉంది. పేరు మారితే ఎవడో వచ్చి లాక్కుంటాడని పిల్లలందరికీ స్టాలర్డ్ అనే పెట్టుకున్నాం. లెమ్ ఏమీ అనుకోలేదు. 'పేరు కప్పుకుంటే చలి ఆగుతుందా, నేను నేసింది కప్పుకుంటారుగా' అన్నాడు.

"మైకేజా తిరిగొచ్చినప్పుడు లెమ్, 'ఈయన ముందొచ్చినవాడు, నేను వెళ్తాను' అని లేచాడు. 'నువ్వు కూర్చో' అన్నాను. మైకేజాకి మొక్కజొన్న కంకులు దాచే కొట్టు చూపించాను. ముప్ఫై మూడేళ్ళుగా అందులోనే ఉన్నాడు. పనికి బద్ధకం గానీ కబుర్లకి కాదు. పిల్లలకి ఎలుగు కథ చెప్పేవాడు. మొదట్లో నా గురించే చెప్పేవాడు. ఏడాదికేడాదికీ ఆ కథలో నేను చిన్నదాన్నయిపోయాను, రోకలి కత్తయిపోయింది. చివరికి నేను గుడిసెలో దాక్కుని ఏడుస్తున్నాను. పోన్లే, ఆయనకి ఇంకేముందని ఊరుకున్నాను. ప్రమాణం చేసి చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా."

అర్జీ కొట్టేశారు.

నేను రాసుకున్నది రెండుసార్లు చదివి, పైకి నవ్వానో ఏడ్చానో తెలియదు గానీ పెవరిల్ మంచినీళ్ళు తెచ్చిపెట్టాడు. "మీ శాఖ ఎవరి నుంచి?" అని అడిగాడు. అబ్సలోం నుంచే. మా అత్త ఇంట్లో ఉన్న పెద్ద బైబిల్లో మొదటి పేరు అబ్సలోం స్టాలర్డ్, 1797. మైకేజా ఉప్పుకని వెళ్ళిన ఆరేళ్ళకి. మైకేజా కూతురు పెళ్ళయి మిజోరీ వెళ్ళిపోయింది. అంటే స్టాలర్డ్ వాగులో స్టాలర్డ్ రక్తం చుక్క కూడా లేదు. మేమంతా క్రౌచ్‌లం.

ఇది ఎంత ఘోరమో బయటివాళ్ళకి తెలియదు. కొండకి అవతలివైపు క్రౌచ్‌లు ఉంటారు, లెమ్ కాలం తర్వాత వచ్చి స్థిరపడిన అతని అన్నదమ్ముల సంతతి. వాళ్ళు కోడిపెట్టల దొంగలని, వంకర ముక్కులవాళ్ళని, వాళ్ళింట్లో కాఫీ కూడా తాగకూడదని మాకు ఉగ్గుపాలతో పట్టారు. నేను ట్రక్కు అద్దంలో నా ముక్కు చూసుకున్నాను. అప్పటిదాకా దాన్ని స్టాలర్డ్ ముక్కు అనుకున్నాను.

ముందు బర్ల్‌కి చూపించాను. వాడు కొలిమి దగ్గర నిలబడి చదివి, చెమట తుడుచుకుని, "ఇది వాగులో పారెయ్" అన్నాడు.

"అసలు కాగితం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉందిరా."

"అయితే అక్కడికెళ్ళి పారేసిరా. ఏమే, రోకళ్ళు ఎవడు కొంటాడే సంతలో? అరవై కత్తులు చేసి పెట్టుకున్నాను!"

"అత్తకి చెప్పాలి కదా."

"చెప్పు. నేను మాత్రం ఆ పూట ఊళ్ళో ఉండను."

నిజంగానే చేపలు పట్టడానికి పోయాడు. నేనొక్కదాన్నే వెళ్ళాను. అత్త వరండాలో కూచుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. పక్కన కూచుని నేనూ కొన్ని తీశాను. తర్వాత కాగితం తీసి మొదటినుంచీ చదివాను. సెగ్గడ్డల దగ్గర ఆవిడ చేతులు ఆగాయి. ఎలుగు దగ్గర గిన్నె కింద పెట్టింది. క్రౌచ్ అనే పేరు వినగానే నా వైపు తిరిగింది. ఇక కొడుతుందనుకుని కొంచెం జరిగాను.

అంతా అయ్యాక, "ఆ ఉప్పు దగ్గర మళ్ళీ చదువు" అంది.

చదివాను. "గుమ్మంలో నిలబడి 'ఉప్పేది?' అన్నాను. 'దార్లో వానొచ్చింది' అన్నాడు."

అత్త నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ నవ్వగా నేను చూసింది తక్కువ. భుజాలు ఊగిపోయి, కట్టుడు పళ్ళు ఊడి ఒళ్ళో పడేదాకా నవ్వింది. పళ్ళు తిరిగి పెట్టుకుని, కళ్ళు తుడుచుకుని, "మీ హోబర్ట్ మావయ్య ఓహాయో వెళ్ళాడు చూడు" అంది.

నాకు తెలిసిన కథ ఏమిటంటే, ముప్ఫై ఆరులో హోబర్ట్ మావయ్య రబ్బరు ఫ్యాక్టరీలో పని కోసం వెళ్ళి, అయిదేళ్ళు కష్టపడి తిరిగొచ్చాడని. అత్త ఎప్పుడూ అలాగే చెప్పేది.

"ఒక్క ఉత్తరం రాయలేదు. ముగ్గురు పిల్లలు. నేను బట్టలుతికి పెంచాను. అయిదేళ్ళకి ఒకరోజు పొద్దున్న వచ్చి ఆ మెట్టు మీద నిలబడ్డాడు. చేతిలో టోపీ. నేనేం చేశానో తెలుసా? 'కాఫీ తాగుతావా' అన్నాను. అంతే. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు కాపురం చేశాం. ఎక్కడున్నావని అడగలేదు. చచ్చిపోయేటప్పుడైనా అడగాల్సింది." గిన్నె మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "వీళ్ళందరికీ చెప్పుకున్నాను, కష్టపడ్డాడు, కష్టపడ్డాడు అని. మైకేజా కథలు ఇన్నాళ్ళూ ఎవరు చెప్పారనుకున్నావు? నాలాంటోళ్ళే."

చిక్కుళ్ళు పూర్తి చేశాం.

లేచేటప్పుడు అత్త కాగితం లాక్కుంది. "ఆదివారం నేను చదువుతాను."

"పాస్టరు ఫెరెల్ ఉంటాడత్తా. ఇద్దరు మొగుళ్ళ సంగతీ, పెళ్ళికి ముందు పుట్టిన బిడ్డ సంగతీ..."

"ఆయన చెవులు ఆయన మూసుకుంటాడు. చేతులున్నాయిగా."

ఆగస్టు మూడో ఆదివారం నూట ఇరవైమంది వచ్చారు. వేయించిన కోళ్ళు, మొక్కజొన్న రొట్టెలు, ఎండు ఆపిల్ గుజ్జు పొరలు పొరలుగా పెట్టిన కేకులు తిని అందరూ బద్ధకంగా కూచున్నాక అత్త బెంచీ ఎక్కి నిలబడింది. ఎలుగు కథ అభినయిస్తుందనుకుని పిల్లలు ముందుకొచ్చారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని జెరూషా వాంగ్మూలం మొదలుపెట్టింది. 'పిర్రలు' అనే మాట దగ్గర పాస్టరు ఫెరెల్‌కి పొరమారింది. రోకలి దగ్గర ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

చదవడం అవగానే మా చిన్నాన్న కొడుకు వెండెల్ లేచాడు. వాడి భుజం మీద ఎలుగూ కత్తీ పచ్చబొట్టు ఉంది. "అయితే మనం స్టాలర్డ్‌లం కాదా?"

"కాదు."

"క్రౌచ్‌లమా?"

"నీ ముక్కు నువ్వెప్పుడూ చూసుకోలేదా?" అంది అత్త.

అక్కడినుంచి గంటసేపు గొడవ. కాగితం దొంగదని కొందరు, జెరూషా మతిపోయిన ముసలిదని కొందరు, ఒలీటా ఫ్రాంక్‌ఫర్ట్‌లో తాగి రాసిందని ఒకరు. పాస్టరు లేచి, అబద్ధసాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞని ఆ తల్లి పాటించిందని తను గుర్తుచేయక తప్పదన్నాడు, ఎంతో బాధగా. అన్నిటికంటే పెద్దగా అరిచినవాడు వెండెల్. అప్పుడు బర్ల్, ఎప్పుడూ నోరు విప్పని వాడి పెళ్ళాం ఐడెల్లా మోచేత్తో పొడవగా, లేచి నిలబడ్డాడు. "కత్తితో ఎలుగుని ఎవడు చంపగలడ్రా? నేను కత్తులు చేసేవాణ్ణి, నాకు తెలుసు. ఆ సంగతి మొదట్నుంచీ నాకు తెలుసు" అన్నాడు. ఆ మాటకి వాడి వ్యాపారం ఏమవుతుందో అని నేను కంగారుపడ్డాను గానీ, వాడి కత్తులు ఇప్పటికీ అమ్ముడుపోతున్నాయి. చీటీలో ఎలుగు చర్మం ఒలిచిన కత్తి అని మార్చాడు.

చరిత్ర సంఘం మాత్రం ఒప్పుకోలేదు. మైకేజాకైతే సైనికుడన్న రుజువు లేదు, జెరూషాకైతే ఇద్దరు భర్తలు, రోడ్డు పక్కన పిల్లలు చదివే పలక మీద ఇబ్బంది అన్నాడు డాక్టరు టిబ్స్. అత్త మర్నాడు పొద్దున్నే ఆయన ఆసుపత్రికెళ్ళి, పళ్ళ కోసం వచ్చినవాళ్ళ మధ్య కూచుంది. ఏ పన్ను నొప్పి అని ఎవరడిగినా కట్టుడు పళ్ళు తీసి చూపించి, జెరూషా వాంగ్మూలం మొదటినుంచీ చదివి వినిపించింది. మూడు రోజులు. మూడో రోజు మధ్యాహ్నం పన్ను పీకించుకుంటున్న మనిషి గోడ అవతలనుంచి విని నవ్వబోయి డాక్టరు వేలు కొరికాడు. అక్టోబరులో పలక పడింది. 'జెరూషా ఈ చేలో ఎలుగుబంటిని చంపింది, 1794.' ఇంటిపేరు ఏది పెట్టాలో తేలక వదిలేశారు.

పలక ఆవిష్కరించిన రోజున కొండ అవతలినుంచి ఒక కారు వచ్చి ఆగింది. ఆర్వల్ క్రౌచ్ దిగాడు, ఎనభై దగ్గర పడినవాడు, చేతిలో కేకు. వెనకే అతని కూతురు. మా వాళ్ళంతా పక్కకి జరిగారు. అత్త కదలలేదు. ఇద్దరూ ఎదురుబొదురుగా నిలబడితే అద్దంలో చూసుకుంటున్నట్టుంది, ఒకే ముక్కు.

"మా లెమ్ గురించి ఎవరో చదివారని విని వచ్చానమ్మా" అన్నాడు ఆర్వల్. "మా ఇంట్లో ఆయన్ని తప్పిపోయినవాడనే చెప్పుకుంటాం. ఎలుగు తినేసిందని మా నాన్న అనేవాడు."

"ఎలుగు కాదు. మా అవ్వ" అంది అత్త.

ఆర్వల్ పకపకా నవ్వాడు. అత్త కేకు ముక్క విరిచి నోట్లో వేసుకుంది. ఎనభై ఒక్క ఏళ్ళలో క్రౌచ్‌ల ఇంటి తిండి అదే మొదటిసారి. నెమ్మదిగా నమిలింది. అందరం ఆవిడ దవడలే చూస్తున్నాం.

"చక్కెర తక్కువైంది" అంది. "వచ్చే ఆగస్టుకి మీవాళ్ళందర్నీ తీసుకురా. ఎంతమందుంటారు?"

"నలభైకి తక్కువుండరు."

"కోళ్ళు మీవి మీరే తెచ్చుకోండి" అంది అత్త. "మీవే సుమా."